నడివయస్సున చేతిపని: కాబ్డెన్ శాండర్సను దినచర్యలు

చదువుకొన్నవాడు చేతిపనికి దిగుట మన సంఘమున నేటికిని పతనముగనే యెంచబడుచున్నది. సభలలో చేతిపనులను మెచ్చుకొను పెద్దలు సైతము, తమ కొడుకో అల్లుడో వకీలుపని మాని వడ్రంగము పూనెదనన్నచో సమ్మతింపరు. నలువది దాటిన సంసారి అట్లు చేసెనేని వానికి మతి చలించెననుటకు బంధువు లెవ్వరును జంకరు. అట్టి సాహసము చేసిన యొక ఆంగ్లేయుని దినచర్యలు రెండు సంపుటములుగా 1926లో వెలువడినవి. ఆయన తామస్ జేమ్సు కాబ్డెన్ శాండర్సను. చేతిపనిని గూర్చి ఆలోచించు గృహస్థులు చదువదగిన గ్రంథమిది; అయినను కన్నులు మూసికొని మెచ్చుకొనదగినది మాత్రము కాదు.

ఈయన 1840లో జన్మించెను. కేంబ్రిడ్జిలో చదివి పట్టము గైకొనకయే వెడలి, 1871లో బారిష్టరయ్యెను. ఒక గొప్ప రైల్వే కంపెనీయొక్క హక్కులను, బాధ్యతలను క్రోడీకరించు పనిలో ఆరోగ్యము చెడగొట్టుకొనెను. 1882లో ప్రసిద్ధ రాజకీయవేత్తయగు రిచర్డు కాబ్డెను కుమార్తె ఆనీని వివాహమాడి, ఆమె పుట్టినింటి పేరును తన పేరునకు జేర్చుకొనెను. భర్త పేరు భార్యకు సంక్రమించుటయే ధర్మమని తలచు మనకు ఈ యొక్క సంగతియే కొంత యాలోచనకు తావొసగును. 1883లో, చేతులతో ఏదైన పని చేయవలెనని యున్నదని ఈయన విలియం మారిసు భార్య జేనుతో ననగా, పుస్తకములకు అట్టలు కట్టుట ఏల నేర్చుకొనరాదని ఆమె యడిగెను. ఆ మాట ఊరకపోలేదు. రోజర్ డి కవర్లీ యను పనివానికడ నలువదిరెండేండ్ల బారిష్టరు శిష్యుడై చేరెను. మరుసటి యేడు స్వంతముగ పనియిల్లు తెరచెను. పుస్తకముల కుట్టుపని ఆనీ చేసెడిది.

ఇట్టి శిష్యరికము ఎంత కష్టమో బైండింగుపని చూచినవారికి తెలియును. కాగితపు మడతలను దారముతో కుట్టి, వీపును గుండ్రముగ దిద్ది, తోలు అంచులను కత్తితో పలుచన చేసి అంటింపవలెను. పిదప కాల్చిన ఇత్తడి పనిముట్టుతో బంగారు రేకును తోలుపై నొత్తవలెను. పనిముట్టు వేడి యెక్కువైన తోలు మాడును. తక్కువైన బంగార మంటదు. ఎంత వేడి చాలునో ఏ శాస్త్రగ్రంథమును చెప్పజాలదు, చేయి చెప్పవలసినదే. న్యాయస్థానమున పొరపాటును వాదనతో కప్పవచ్చును. మాడిన తోలు ఏ వాదనను వినదు. వయస్సు మీరిన విద్యావంతునకు ఇందు కష్టము శ్రమకాదు. తనకంటె తక్కువ చదివినవాని యెదుట మాటిమాటికి తప్పుచేయుచు నిలుచుటయే కష్టము. దానికి ఈయన యోర్చెను. ఈ దినచర్యలలో పనికి దగ్గరగా నున్న పుటలు అందువలననే ప్రాణవంతములుగ నున్నవి.

గ్రంథమున లోపములును గలవు. రచయిత పనిబల్లకడ నున్నంతవరకు వాక్యము బిగువుగ నుండును. సూర్యచంద్రనక్షత్రములలోనికి ఎగిరి, తన పనిని సమస్త విశ్వవ్యవస్థతో ముడివేయ నారంభించినతోడనే వాక్యము పలుచబడును. వేదాంతము మనకు క్రొత్త కాదు. బంగారు రేకు తోలున కెట్లు అంటునో చదువుట క్రొత్త. క్రొత్తదానిని కుదించి పాతదానిని పెంచుట మాకు నచ్చలేదు.

ఇంతకంటె పెద్ద లోపము గ్రంథములో గాక జీవితములో నున్నది. 1893లో ఈయన లండనులోని హామర్‌స్మిత్తున డవ్సు బైండరీని స్థాపించెను. అప్పటినుండి తాను చిత్రరచన చేసి పని దిద్దించుటయే గాని స్వయముగ అట్టలు కట్టుట మానెను. కుట్టువారు, అట్ట కట్టువారు, బంగారుపని చేయువారు వేరువేరు కూలివారైరి. అచ్చట సిద్ధమైన పుస్తకములు అందమైనవే, గట్టివే. అయినను లోకము వానిని ఈయన పేరనే పిలుచుచున్నది. బారిష్టరు పనివాడగుట చరిత్రమైనది. జన్మమంతయు పనివాడుగ నుండి ఆ బారిష్టరునకు పని నేర్పిన డి కవర్లీ చరిత్రమున నొక వాక్యమయ్యెను.

ఇది ఇంగ్లండు దోషము మాత్రమే కాదు. మన దేశమున తోలుపనిని కొన్ని కులములకు అంటగట్టి, ఆ పనిచేయుటవలననే వారిని ఊరివెలుపల నుంచితిమి. నేడు అగ్రకులమువా డొకడు ఉద్యోగము మాని తోలుసంచులు కుట్టెనేని, పత్రికలు వాని త్యాగమును శ్లాఘించును. తరతరములుగ కుట్టినవానిది త్యాగముగాని నేర్పుగాని కాదు, వాని ఖర్మము! ఒకే పని ఒకనికి కీర్తియు నొకనికి మైలయు నగుచో, మనము గౌరవించునది పనిని కాదు, విడిచివచ్చిన కుర్చీని.

తుదిఘట్టము మరింత విచారకరము. 1900లో ఎమరీ వాకరుతో గూడి ఈయన డవ్సు ముద్రణాలయము నారంభించెను. దానికొరకు, పదునైదవ శతాబ్దమున వెనిసు నగరమందలి జెన్సను అక్షరముల ననుసరించి, ఎడ్వర్డు ప్రిన్సు యను శిల్పి క్రొత్త అక్షరముల అచ్చులను ఉక్కుపై చెక్కెను. ఈ టైపుతో 1903 మొదలు 1905 వరకు ఐదు సంపుటములుగ వెలువడిన బైబిలు ముద్రణకళకే యలంకారము. భాగస్వామ్యము 1909లో చెడెను. టైపును శాండర్సను తన జీవితాంతము వాడుకొని, తదుపరి వాకరున కప్పగింపవలెనని యొడంబడిక జరిగెను. కాని 1916లో, డెబ్బదియైదేండ్ల వయస్సున, ఆయన చీకటివేళల ఆ లోహాక్షరములను మోసికొనిపోయి హామర్‌స్మిత్తు వంతెనపైనుండి థేమ్సునదిలో పారవేయ నారంభించెను. ఒక టన్నునకు మించిన లోహమును 1917 ఆరంభమునకు తుదముట్టించెను. తన పవిత్రాక్షరములు యంత్రముద్రణకు చిక్కరాదట! ఆ కృత్యమును దాచక దినచర్యలో వ్రాసికొనెను. ఆయన 1922లో గతించిన పిమ్మట వ్యాజ్యము నెదుర్కొని ధనము చెల్లించుకొనవలసినది భార్యయే.

కొందరు విమర్శకులు దీనిని కళాకారుని ఆరాధనయని మెచ్చుకొందురు. మేము మెచ్చుకొనజాలము. ఆ అక్షరములలో ప్రిన్సు చేయి యున్నది, వాకరు పరిజ్ఞానము నున్నది. అనేకుల పనిని తనదని తలచినవాడే దానిని నీటిపాలు చేయగలడు. 2014లో నదినుండి నూటయేబది అక్షరములు వెలికివచ్చినవి.

నలువదిరెండవయేట క్రొత్తపని నేర్వవచ్చునని ఈ జీవితము నిస్సందేహముగ రుజువు చేయుచున్నది. పని నేర్చినంతమాత్రమున పనివాని వినయము రాదనియు అదియే చూపుచున్నది. మన యిండ్లలో నడివయస్కు డెవ్వడైన ఉద్యోగము మాని మగ్గముకడకో కొలిమికడకో పోదలచినచో అడ్డుపడవలదు. ఇల్లు ఎట్లు గడచునో ఆలుమగలు మునుముందుగ లెక్క చూచుకొనవలెను. అటుపిమ్మట వాడు తన మొదటి వస్తువును అమ్మునపుడు, దానిని చేయ నేర్పిన గురువు పేరు నోరార చెప్పుచున్నాడా యని చూడవలెను. అది చెప్పినవాడే వృత్తి మార్చుకొనినవాడు; చెప్పనివాడు వేషము మాత్రమే మార్చినవాడు.