కమ్యూనల్ బోలేతో క్యా?

గుడుపల్లె రైల్వే స్టేషన్ దగ్గర టీ కొట్టులో ఒక చాచా మమ్మల్ని అడిగారు: "కమ్యూనల్ బోలేతో క్యా జీ? అచ్ఛా లఫ్జ్ క్యా, బురా లఫ్జ్ క్యా?"

ఆయన చేతిలో మనవడి కాలేజీ దరఖాస్తు ఉంది. అందులో 'కమ్యూనిటీ' అని ఒక గడి. అది నింపకపోతే ఫీజు రాయితీ రాదు. ముందురోజు రాత్రి టీవీలో ఎవరో ఎవరినో కమ్యూనల్ అని తిడుతుంటే విన్నారట. కమ్యూనిటీ రాయమని ఆఫీసులో అడుగుతారు, కమ్యూనిటీ గురించి మాట్లాడితే కమ్యూనల్ అంటారు, ఇదెక్కడి లెక్క అని ఆయన అనుమానం. ఇరవై ఏళ్లుగా రెండు భాషల్లో వార్తలు రాస్తున్న మాకు చప్పున జవాబు తోచలేదు.

ఇంగ్లీషువాడి ఇంట్లో ఇది మంచి మాటే. అందరూ కలిసి వండుకునే వంటగది కమ్యూనల్ కిచెన్. కామన్, కమ్యూన్, చివరికి కమ్యూనిస్టు కూడా ఈ వేరు నుంచి మొలిచినవే. పదిమందిదీ అయినది కమ్యూనల్. అదే మాట ఓడెక్కి మన దేశానికొచ్చి, పదిమందిని విడగొట్టేది అనే అర్థం తెచ్చుకుంది. 1909 మింటో-మార్లే సంస్కరణలు ముస్లింలకు ప్రత్యేక నియోజకవర్గాలిచ్చాయి. 1932లో రామ్సే మెక్డొనాల్డ్ ప్రకటన పేరే కమ్యూనల్ అవార్డు. మనుషుల్ని ఖానాల్లో వేసి లెక్కపెట్టినవాడు తెల్లదొర. ఆ ఖానా పేరును తిట్టుగా మోస్తున్నది మాత్రం మేము.

అయితే ఈ మాటకు మధ్యలో మరో జీవితం ఉంది. మన సెక్యులర్ మిత్రులు దాన్ని మరిచిపోయారు. చిత్తూరు జిల్లా 1953 అక్టోబరు 1 దాకా మద్రాసు రాష్ట్రంలోది. ఆ మద్రాసులో జస్టిస్ పార్టీ ప్రభుత్వం 1921లో మొదలుపెట్టిన ఉద్యోగాల వాటా ఉత్తర్వును జనం కమ్యూనల్ జీవో అనే పిలిచారు. అక్కడ కమ్యూనల్ అంటే తిట్టు కాదు, వాటా. 1927లో ఖరారైన లెక్క ప్రకారం ప్రతి పన్నెండు ఉద్యోగాల్లో బ్రాహ్మణేతర హిందువులకు 5, బ్రాహ్మణులకు 2, ముస్లింలకు 2, ఆంగ్లో ఇండియన్లు, క్రైస్తవులకు 2, అణగారిన కులాలకు 1. 1947లో లెక్క పద్నాలుగుకు పెరిగింది, ముస్లింల వాటా ఒకటికి తగ్గింది. 1951లో చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు ఆ జీవోనే కొట్టేసింది. దాని జవాబుగా రాజ్యాంగానికి తొలి సవరణ వచ్చింది. వాటా పోలేదు, 'వెనుకబడిన తరగతులు' అని కొత్త పేరు పెట్టుకుంది. కమ్యూనల్ అన్న మాటకు మాత్రం తిట్టు ఒక్కటే మిగిలింది.

ఆ కొత్త పేరులోకి దూదేకుల సోదరులు 1970లోనే వచ్చారు. ముస్లింలలోని మిగతా వెనుకబడినవాళ్లకు బీసీ-ఇ కింద నాలుగు శాతం దక్కడానికి 2007 దాకా ఆగాలి. అదీ ఊరికే దక్కలేదు. ఇది మతం పేరుతో ఇచ్చిందన్నారు. హైకోర్టు 2010 ఫిబ్రవరిలో కొట్టేసింది, మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలిచింది. అత్తరు అమ్ముకునేవాడు, బట్టలుతికేవాడు, గారడీ చేసేవాడు చేసే పనిని బట్టి ఆ జాబితాలో ఉన్నారు. వాళ్లు పని చెప్పినా వినిపించింది మతమే!

ఉర్దూ పత్రికలు దీన్ని ఫిర్ఖాపరస్తీ అంటాయి. మేమూ రాశాం. ఫిర్ఖా అంటే గుంపు. తమాషా ఏమిటంటే మద్రాసు రెవెన్యూ వాళ్లు కొన్ని ఊళ్లను కలిపి పిలిచిన ఫిర్కా కూడా ఈ అరబ్బీ మాటే. సరిహద్దు దాటి తమిళనాడులోకి వెళితే తాలూకాఫీసులో ఇప్పటికీ ఫిర్కా ఉంది. అక్కడ అది ఊళ్లను కలిపే మాట. మా పత్రికల్లో మనుషుల్ని విడదీసే మాట.

తెలుగు పత్రికల సంగతికొస్తే మా తప్పు కూడా ఒప్పుకోవాలి. ఫలానా నాయకుడి కులం చెప్పాల్సి వస్తే 'సామాజిక వర్గం' అని మర్యాదగా రాస్తాం. పెద్దకులాలు రెండు కొట్టుకుంటే అది ఆధిపత్య పోరు. మసీదు దగ్గర రాయి పడితే 'రెండు వర్గాల మధ్య ఘర్షణ' అని డెస్కు దిద్దుతుంది, పక్కనే 'మతకలహం' అని శీర్షిక కడుతుంది. ఒక సభకు అన్ని కులాల పెద్దలూ తమ తమ సంఘాల పేర్లతో వస్తే అది సామాజిక న్యాయం. మేము జమాత్ పేరుతో వస్తే కమ్యూనల్. మేము పనిచేసిన ఒక పత్రికలో, షాదీఖానాకు స్థలం అడిగిన వార్తను మతపరమైన డిమాండు అని లోపలి పేజీకి తోశారు. అదే పేజీలో ఒక కులసంఘం కల్యాణ మండపానికి స్థలం అడిగిన వార్త ఫొటోతో వచ్చింది.

సాహిత్యంలోనూ ఇంతే. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. 1998లో 'జల్‌జలా' వచ్చింది. స్త్రీలు, దళితులు తమ గొంతుతో రాస్తే అస్తిత్వం అని ఒప్పుకున్నవాళ్లలో కొందరు, ముస్లిం తన గొంతు విప్పగానే ఇది చీలిక కాదా అని మమ్మల్నే అడిగారు. ఆ ప్రశ్న వేసినవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. కానీ మాటను తూచే తక్కెడ వాళ్ల ఇంట్లోనే ఉందనుకున్నారు. మా కవి ఇంటి బాధ చెబితే వాళ్లకు మతం వినిపించింది.

మా ఇంట్లోనూ తక్కెడ సరిగా లేదు. దూదేకుల వాళ్లకు పిల్లనివ్వం, ఉర్దూ రాదని వెక్కిరిస్తాం. సయ్యద్, షేక్ అని తేడాలు చూసుకుని, బయటికొచ్చి మేమంతా ఒకటే అంటాం. ఫిర్ఖాపరస్తీ అన్న మాటను ముందు మా వంక తిప్పుకోవాల్సింది అక్కడ. అది చెయ్యకుండా ఎదుటివాడి మీద విసిరితే ఆ మాటకు పదునుండదు.

చాచా టీ తాగడం అయిపోయింది. "లఫ్జ్ అచ్ఛాచ్ హై చాచా, బోల్నేవాలా కోన్ హై దేఖ్నా" అన్నాం. ఆయన తల ఊపలేదు. "తో గడీ మే క్యా లిఖూఁ?" అని కాగితం ముందుకు తోశారు. షేక్, బీసీ-ఇ అని రాసిచ్చాం. ఒకసారి చదివి వినిపించమన్నారు. చదివాం. "మతం గడి వేరే ఉందిగా, అక్కడ ఏం రాశారు?" అని తెలుగులో అడిగారు.