సి బంటు ఎక్కడుంది?

గుర్రం ఎఫ్6కు, బంట్లు జి6, డి6లకు, బిషప్ జి7కు, ఆపై కాస్లింగ్. నల్లవైపు ఈ ఐదు ఎత్తులు మాత్రమే చూసి ఇది కింగ్స్ ఇండియనా, పిర్ట్స్ డిఫెన్సా అంటే చెప్పడం కష్టం. తెల్లవైపు సి బంటును చూడాలి. సి4కు వచ్చేసి ఉంటే కింగ్స్ ఇండియన్. గుర్రం వెనక సి2లోనే ఆగి ఉంటే పిర్ట్స్. (స్లొవేనియా ఆటగాడు వాస్యా పిర్ట్స్ పేరది, చాలామంది పిర్క్ అనేస్తారు.)

ఎటు కావాలంటే అటు మలుచుకోవచ్చన్న పేరు రెంటికీ ఉంది. కింగ్స్ ఇండియన్‌కు అది సగమే చెల్లుతుందంటాను. దాని ప్రధాన దారిలో నలుపు ఈ5 ఆడుతుంది, తెలుపు డి5తో నడిమికి తాళం వేస్తుంది. ఆ తర్వాత వెతుక్కోవడానికేమీ ఉండదు. తెలుపుకు సి5తో మంత్రి వైపు, నలుపుకు ఎఫ్5, ఎఫ్4, జి5 అంటూ రాజు వైపు పరుగు. 1997లో నోవ్‌గొరొద్‌లో క్రామ్నిక్ బి4తో ఆ పరుగును ముందే మొదలెట్టి కాస్పరోవ్‌ను ఓడించాడు. తర్వాత కాస్పరోవ్ ఈ డిఫెన్స్‌ను దాదాపు వదిలేశాడు.

ఇందులో ‘ఇండియన్’ ఉత్త అలంకారం కాదు. 19వ శతాబ్దం నడుమ కలకత్తాలో ఆటగాడు కోక్రన్ మీద మహేశ్‌చంద్ర బెనర్జీ ఇలా బిషప్‌ను జి7లో నిలిపి ఆడేవాడు. మన పాత చదరంగంలో బంటుకు మొదటి ఎత్తులోనూ ఒక్క గడే కదా. ఆ అలవాటున్న చేతికి జి6, డి6 సొంతంగానే తోచి ఉంటాయనిపిస్తుంది.

పిర్ట్స్‌లో సి4 లేదు కనుక బి5 గడికి ఆ కాపలా లేదు. కానీ సి4 ఆడకపోవడంతో మిగిలిన ఎత్తును తెలుపు దాడికి వాడుకుంటుంది. అందుకే నలుపు ఎదుటివాడి ఎత్తు చూశాకే తన దారి తేల్చుకోవాలి. ఎఫ్4తో మీదికొస్తే సి5తో నడిమిని కొట్టాలి. బిషప్ ఈ3లో, మంత్రి డి2లో చేరితే హెచ్6 మీద కన్నేసినట్టే. అప్పుడు కాస్లింగ్‌కు తొందరపడకుండా సి6, బి5. నెమ్మదిగా ఆడితే ఈ5కు తీరిక దొరుకుతుంది. పథకం కంఠతా పట్టినవాడికి ఇది చికాకే. నాకు మాత్రం ఇదే అసలైన వెసులుబాటు.

1999లో వైక్ ఆన్ జీలో టొపలోవ్ సరిగ్గా ఆ సి6, బి5 దారే పట్టాడు. కాస్పరోవ్ ఏనుగును బలిచ్చి, నల్ల రాజును తన మొదటి వరుస దాకా లాక్కొచ్చి గెలిచాడు. ఆ ఆట చూసి పిర్ట్స్‌ను తప్పుపట్టేవాళ్ళున్నారు. కానీ 24వ ఎత్తులో ఆ ఏనుగును చంపకుండా రాజును బి6కు జరిపి ఉంటే నలుపుకు ఏ బెంగా ఉండేది కాదు.