పేటెంటు మీద పాత సాక్ష్యం

1992 డిసెంబరులో లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ ఇంకా హెల్సింకీలో విద్యార్థి. డాస్‌లో ఫైలు పేరు ఎనిమిది అక్షరాలు, చుక్క, మరో మూడక్షరాలు దాటని రోజులవి. పాత పద్ధతి చెడకుండానే పొడవాటి పేర్లను ఎలా ఇమడ్చవచ్చో ఆయన యూజ్‌నెట్ అనే చర్చావేదికలో నలుగురికీ కనిపించేలా రాశాడు. ఒక్క ఆలోచన, అంతే. అలాంటి పనికే మైక్రోసాఫ్ట్ పేటెంటు దరఖాస్తు పెట్టింది 1993 ఏప్రిల్‌లో.

దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత మోటరోలా మీద మైక్రోసాఫ్ట్ వేసిన దావా నడుస్తుంటే ఆ సందేశం బయటికొచ్చింది. టోర్వాల్డ్స్ వాంగ్మూలం ఇవ్వాల్సి వచ్చింది. ఆ పేటెంటు యూరప్ రూపం చెల్లదని 2013 డిసెంబరులో జర్మనీ ఫెడరల్ పేటెంట్ కోర్టు తేల్చింది.

ఇలాంటి పాత సాక్ష్యాన్నే ప్రయర్ ఆర్ట్ అంటారు. పేటెంటు శీర్షిక చూసి ‘ఇది మాకెప్పుడో తెలుసు’ అనడం తేలికే, కానీ అది విచారణలో నిలవదు. చదవాల్సింది క్లెయిములు, అంటే పేటెంటు దేనిమీద హక్కు కోరుతోందో చెప్పే వాక్యాలు. ఒక్కో క్లెయిమును ముక్కలు చేసి, ప్రతి ముక్కకూ ఎదురుగా పాత కోడ్‌లోనో మాన్యువల్‌లోనో ఉన్న వాక్యాన్ని పెట్టాలి. దరఖాస్తు తేదీకి ముందే అది జనానికి అందుబాటులో ఉందని చూపాలి.

ఇక్కడే ఓపెన్ సోర్స్‌ది పైచేయి. మెయిలింగ్ లిస్టులు, విడుదల నోట్లు, మార్పుల చిట్టా అన్నీ బహిరంగమే, అన్నిటికీ తేదీ ఉంటుంది. కంపెనీ బీరువాలో దాగిన కోడ్ ఎంత పాతదైనా సాధారణంగా ఈ పనికి రాదు. అయితే కోడ్ మార్పులను నమోదు చేసే గిట్‌లో తేదీని రాసేవాడు తనకు నచ్చినట్టు పెట్టుకోగలడు. అందుకే బయటి ఆర్కైవ్‌లోనో లినక్స్ డిస్ట్రిబ్యూషన్‌లోనో ఉన్న నకలు తోడుండాలి.

రాజీ పడితే పేటెంటు చావదు. షాట్‌వెల్ అనే ఫొటో సాఫ్ట్‌వేర్ మీద 2019లో పేటెంటు దావా ఎదుర్కొన్న ఓపెన్ సోర్స్ సంస్థ గ్నోమ్ ఫౌండేషన్ మరుసటి ఏడాది మేలో రాజీతో బయటపడింది. పేటెంటు మాత్రం అలాగే మిగిలింది. దాని పునఃపరిశీలన కోరినవాడు మెకాయ్ స్మిత్ అనే న్యాయవాది. 2022లో అమెరికా పేటెంట్ కార్యాలయం ఆ క్లెయిములను రద్దు చేసింది.

మన పేటెంట్ల చట్టంలో సెక్షన్ 3(కె) ప్రకారం ఒట్టి కంప్యూటర్ ప్రోగ్రాముకు పేటెంటు రాదు. అయినా సాంకేతిక ప్రభావం పేరుతో దరఖాస్తులు వస్తూనే ఉంటాయి. వాటి ప్రచురణ తర్వాత, పేటెంటు మంజూరయ్యేలోపు ఎవరైనా సెక్షన్ 25(1) కింద అభ్యంతరం చెప్పవచ్చు. హైదరాబాద్‌లోనో విశాఖలోనో కోడ్ రాసేవాళ్లు చేయగలిగింది ఒకటుంది: చేసిన మార్పు ఏమిటో, ఎందుకో విడుదల నోట్‌లో నాలుగు వాక్యాలు విడమరిచి రాయండి. ‘బగ్ ఫిక్స్’ అన్న రెండు మాటలు ఏ పరిశీలకుడికీ సాక్ష్యం కావు.