గుఱ్ఱముల లెక్క, టైర్ల మాట

అమెరికాలోని జనరల్ మోటార్స్ సంస్థలో 1960 దశకమున ఒక కట్టుబాటు ఉండెడిది. మధ్యరకపు కార్లలో 330 ఘనపుటంగుళములకు మించిన ఇంజను పెట్టరాదు. ఆ సంస్థకే చెందిన పాంటియాక్ శాఖ ఇంజనీర్లు 1964లో దీనికొక అడ్డదారి కనిపెట్టిరి. టెంపెస్ట్ అను సామాన్యమైన కారులో 389 ఘనపుటంగుళముల ఇంజనును, అనగా దాదాపు 6.4 లీటర్ల ఇంజనును, 'కోరినవారికి మాత్రమే ఇచ్చు అదనపు సరంజామా' క్రింద చేర్చి, దానికి జి.టి.ఓ. అని పేరు పెట్టిరి. కట్టుబాటు కారుకే గాని సరంజామాకు లేదు గదా! నడిమి పరిమాణపు కారు, పెద్ద కారుకు తగిన ఇంజను, పడుచువారికి అందుబాటులోని ధర, ఈ మూడును కూడిన బండ్లకే 'మజిల్ కార్లు', అనగా కండబలపు కార్లు, అను పేరు తరువాత స్థిరపడినది.

జి.టి.ఓ. ఇంజనుకు 325 అశ్వసామర్థ్యము కలదని కంపెనీవారు ప్రకటించిరి. 1966లో క్రైస్లర్ వారు 7 లీటర్ల 'హెమీ' ఇంజనును 425 అను అంకెతో రోడ్డు మీదికి తెచ్చిరి. 1970లో షెవ్రొలే వారి షెవెల్ కారులోని 7.4 లీటర్ల ఇంజను 450కి చేరినది. అంతటితో మెట్ల వరుస తెగినది. ఆ సంవత్సరమే వాయు కాలుష్యమును అరికట్టుటకు అమెరికా కాంగ్రెసు గట్టి శాసనము చేసెను. పెట్రోలులోని సీసమును క్రమముగా తొలగింపవలసి వచ్చినది. సీసము లేని పెట్రోలు అధిక పీడనమునకు తాళక ముందుగనే భగ్గుమనును గనుక, ఇంజనులలో సంపీడన నిష్పత్తిని తగ్గించిరి. ఈ కార్లపై బీమా రుసుము పెరిగినది. 1973లో చమురు సంక్షోభము వచ్చిపడినది.

రెండవ అంకము ఈ శతాబ్దమున నడచినది. డాడ్జ్ ఛాలెంజర్ కారులో 'హెల్‌క్యాట్' అను రకము 2015 మోడలుగా 707 అశ్వసామర్థ్యముతో వచ్చెను. 2018లో 'డీమన్' అను దానికి మామూలు పెట్రోలుతో 808, పందెపు పెట్రోలుతో 840. 2020లో ఫోర్డ్ వారి షెల్బీ జి.టి.500కు 760. 2023లో వచ్చిన 'డీమన్ 170' ఆల్కహాలు పాలు హెచ్చుగా గల ఇంధనముతో 1,025 వరకు పోయినది. ఛాలెంజర్ కార్ల తయారీ ఆ సంవత్సరపు డిసెంబరులో ఆగిపోయినది.

ఈ అంకెలను చూచి వాదులాడుకొను పక్షములు రెండు. కంప్యూటరు లేని కాలమున, కార్బ్యురేటరుతోనే 450 సాధించిన పాతవారిదే ఘనత అని ఒక పక్షము. 707 ముందర 450 ఎంత అని రెండవ పక్షము. పైకి ఎదురెదురుగా కనిపించు ఈ వాదములకు మూలము ఒకటే. ఇంజనుపై వ్రాసిన అంకెయే కారుకు కొలబద్ద అని ఇరువురును నమ్ముచున్నారు. ఆ నమ్మకమే పరీక్షకు నిలువదు.

మొదట అంకెయొక్క అర్థము. ఒక అశ్వసామర్థ్యము అనగా 746 వాట్లు. సెకండుకు 76 లీటర్ల నీటిని ఒక మీటరు ఎత్తుకు తోడు మోటకు ఈపాటి సామర్థ్యము కావలెను. (వాడుకలో 'అశ్వశక్తి' అందురు గాని, కొలుచునది పని జరుగు రేటును గనుక పాఠ్యపుస్తకములలోని 'సామర్థ్యము' అను మాటయే సరియైనది.) ప్రమాణము ఒకటే అయినను, దానిని ఎక్కడ, ఏ స్థితిలో కొలిచిరి అనునది ముఖ్యము. 1971 వరకు అమెరికా కంపెనీలు ప్రకటించినది స్థూల సామర్థ్యము. ఇంజనును కారునుండి వేరుచేసి, పరీక్షశాలలో దిమ్మెపై బిగించి, గాలిని వడపోయు పెట్టె, పొగగొట్టములోని శబ్దనివారిణి, విద్యుత్తును పుట్టించు ఆల్టర్నేటరు వంటి బరువులేవియు లేకుండ కొలిచెడివారు. పహిల్వానుకు ధోవతి, చెప్పులు కూడ విప్పించి తూచినట్లన్నమాట. అయితే ఇక్కడ విప్పినకొలది అంకె పెరుగును. 1972 మోడళ్ల నుండి నికర సామర్థ్యమును చెప్పుట ఆచారమైనది. అన్ని హంగులతో, కారులో ఉండునట్లే ఉన్న ఇంజనును కొలిచినపుడు వచ్చు అంకె అది.

ఈ మార్పు ఎంతటిదో కార్వెట్ కారులోని ఎల్.టి.1 అను 5.7 లీటర్ల ఇంజను తెలుపును. 1971లో దాని అంకె 330, 1972లో 255. ఇంజను దాదాపు అదే. గుఱ్ఱములు పారిపోలేదు, లెక్కపెట్టు తీరు మారినది. ఇదే నిష్పత్తిని 1970 నాటి షెవెల్ ఇంజనుకు వర్తింపజేసినచో 450 కాస్తా 350కి దిగును. ఇది అంచనాయే. పైగా ఆ కాలమున అన్ని అంకెలును పెంచి చెప్పినవి కావు. బీమావారి కన్ను పడకుండ కొన్నిటిని తగ్గించి వ్రాసిరని, హెమీ ఇంజనుకు 425 కన్న హెచ్చే ఉండెనని పలువురి అభిప్రాయము. ఇట్లు ఒకచోట పెంచి, ఒకచోట తగ్గించి వ్రాసిన అంకెలను పట్టుకొని అర్ధశతాబ్దమునకు పూర్వపు కార్లను నేటివానితో తూచుట ఎట్లు?

దీనికి గడియారమును సాక్షిగా పిలువవచ్చును. ఈ కార్లకు పరంపరగా వచ్చు పరీక్ష నిలిచియున్న స్థితి నుండి పావుమైలు, అనగా 402 మీటర్లు, పరుగెత్తుట. ఉన్నత పాఠశాల భౌతికశాస్త్రముతోనే దీనిని విచారింపవచ్చును. ఇంజను నిలకడగా ఒకే సామర్థ్యమును ఇచ్చుచున్నదనుకొనినచో, అది చేసిన పని అంతయు గతిజశక్తి అగును. అప్పుడు వేగముయొక్క వర్గము కాలమునకు అనుపాతములో పెరుగును. వేగము కాలముయొక్క వర్గమూలము వలె పెరుగును. దీనినిబట్టి, నిర్ణీత దూరమును దాటుటకు పట్టు కాలము ద్రవ్యరాశిని సామర్థ్యముచే భాగించగా వచ్చిన దానియొక్క ఘనమూలమునకు అనుపాతములో ఉండును. ఫలితము చిత్రమైనది. గుఱ్ఱములను రెండింతలు చేసినను కాలము సగము కాదు. నూటికి ఇరువదియొక్క పాళ్లు మాత్రమే తగ్గును.

షెవెల్ కారు బరువు సుమారు 1,800 కిలోగ్రాములు. నాటి పరీక్షలలో అది పావుమైలును దాదాపు పదమూడున్నర సెకండ్లలో దాటినది. హెల్‌క్యాట్ బరువు సుమారు 2,020 కిలోగ్రాములు. పాత అంకె 450 నిజమే అనుకొనినచో, పై సూత్రము ప్రకారము హెల్‌క్యాట్‌కు 12.1 సెకండ్లు పట్టవలెను. 350 నిజమనుకొనినచో 11.1 సెకండ్లు. కంపెనీవారు ప్రకటించిన కాలము 11.2 సెకండ్లు! కొత్త కారు టైర్లు కూడ మేలైనవే గనుక దీనిని తిరుగులేని రుజువు అనరాదు. అయినను గడియారము ఎటు మొగ్గినదో తెలియుచున్నది. అనగా పాత కార్ల అభిమానులు తమ కార్లు ఎంత వెనుకబడినవని ఒప్పుకొందురో, నిజమునకు అంతకన్న ఎక్కువ వెనుకబడియున్నవి.

ఇక కొత్తవారి గర్వము మాట. హెల్‌క్యాట్ విషయములో కంపెనీవారే మరియొక అంకె చెప్పిరి. మామూలు రోడ్డు టైర్లకు బదులు పందెపు టైర్లు వేసినచో అదే కారు, అదే ఇంజను, 10.8 సెకండ్లలో పావుమైలు దాటునట. ఒక్క గుఱ్ఱమును చేర్చకుండ 0.4 సెకండ్లు తగ్గినవి! ఇంజనులో ఉన్న బలము రోడ్డుకు చేరుట లేదని ఇంతకన్న సాక్ష్యము వేరే అక్కరలేదు.

కారును ముందుకు నెట్టునది చివరకు ఇంజను కాదు, టైరుకును రోడ్డుకును నడుమ గల ఘర్షణ. 2,000 కిలోగ్రాముల కారు బయలుదేరునపుడు దాని భారములో నూటికి అరువది పాళ్లు వెనుక చక్రములపై పడినదనియు, ఘర్షణ గుణకము 1 అనియు అనుకొనవలెను. అప్పుడు టైర్లు ఇవ్వగల గరిష్ఠ బలము దాదాపు 11,760 న్యూటన్లు. సామర్థ్యము బలముయొక్కయు వేగముయొక్కయు లబ్ధము గదా. గంటకు 72 కిలోమీటర్ల వేగమున, అనగా సెకండుకు 20 మీటర్ల వేగమున, ఈ టైర్లు స్వీకరింపగలది 235 కిలోవాట్లు, అనగా 315 అశ్వసామర్థ్యము మాత్రమే. మిగిలిన గుఱ్ఱములు రబ్బరును కాల్చి పొగ చేయును, లేదా కంప్యూటరు వానిని కళ్లెము బిగించి ఆపును. 707 గుఱ్ఱములన్నియు పనిలోనికి దిగవలెనన్న వేగము గంటకు 160 కిలోమీటర్లు కావలెను. గేర్లలోను ఇరుసులలోను నూటికి పదునైదు పాళ్లు నష్టమగునని తీసివేసినను 137 కిలోమీటర్లు. అమెరికా అంతటిలో అనుమతింపబడిన మిక్కిలి హెచ్చు వేగము టెక్సాస్ రాష్ట్రమున ఒక సుంకపు రహదారి మీద గలదు. అది గంటకు 85 మైళ్లు, అనగా సరిగా 137 కిలోమీటర్లు! అంతకు తక్కువ వేగములలో ఈ కారు కొన్నవాడు డబ్బుపోసి కొన్న గుఱ్ఱములు కొన్ని ఎప్పుడును సాలలోనే కట్టియుండును.

ఇచ్చట ఉపాధ్యాయులకు విద్యార్థుల నుండి ఒక ప్రశ్న రావచ్చును. ఘర్షణబలము స్పర్శతలపు వైశాల్యముపై ఆధారపడదని పుస్తకములో ఉన్నదే, మరి వెడల్పు టైర్లు ఎందుకు? ఆ సూత్రము గట్టి వస్తువులకు చక్కగా పనిచేయును. రబ్బరు మెత్తనిది. అది రోడ్డుపై గల సన్నని గరుకులలోనికి ఒదిగి అంటుకొనును. భారము విశాలమైన తలముపై పరచుకొని పీడనము తగ్గినకొలది దాని ఘర్షణ గుణకము పెరుగును. పందెపు బాటలపై అది 1ని కూడ మించును. 1964 నాటి జి.టి.ఓ. టైర్ల వెడల్పు ఏడున్నర అంగుళములు, అనగా 190 మిల్లీమీటర్లు. 2018 నాటి డీమన్‌కు 315. టైరు లోపలి అల్లిక కూడ మారినది. నాటివి దారములు ఏటవాలుగా పేర్చినవి. నేటివి రేడియల్ టైర్లు. వీనిని 1946లోనే ఫ్రాన్సులో మిషెలిన్ సంస్థ కనిపెట్టినను, అమెరికాలో 1970 దశకమున గాని వ్యాపింపలేదు. పాత కార్లను మెచ్చుకొనువారు ఇంజనులను వర్ణించునంతగా టైర్లను వర్ణింపరు. కారణము సులభముగనే ఊహింపవచ్చును.

బ్రేకుల సంగతి మరింత గంభీరము. మొదటి జి.టి.ఓ.కు నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే. 1,600 కిలోగ్రాముల కారు గంటకు 160 కిలోమీటర్ల వేగముతో పోవునపుడు దాని గతిజశక్తి దాదాపు 16 లక్షల జౌళ్లు. అది సుమారు అయిదు లీటర్ల నీటిని మరుగు స్థితికి తేగలదు. కారు ఆగవలెనన్న ఆ శక్తి అంతయు వేడియై బ్రేకులలో చేరవలెను. నాలుగు డ్రమ్ములలో కలిపి 40 కిలోగ్రాముల ఇనుము ఉన్నదనుకొనినచో, ఒక్కసారి ఆపుటకే వాని ఉష్ణోగ్రత దాదాపు 90 డిగ్రీలు పెరుగును. చల్లారకముందే రెండు మూడు మారులు ఆపినచో డ్రమ్ము వ్యాకోచించి బ్రేకు చెప్పుల నుండి దూరమగును. చెప్పుల అస్తరు పట్టు సడలును. పెడలు నేలను తాకినను కారు ఆగదు. పరుగెత్తుట నేర్పి ఆగుట నేర్పని బండి అది. గాలి తగులుచు చల్లబడు డిస్కు బ్రేకులు, చక్రము బిగిసి జారకుండ చూచు యంత్రాంగము వచ్చిన తరువాత కొత్త కారు ఈ విషయమున పాతదానికి అందని ఎత్తులో నున్నది. ఇది నిజమైన అభివృద్ధి.

మరియొక నిజమైన అభివృద్ధి పెద్ద కార్లలో గాక చిన్న ఇంజనులో కనిపించుచున్నది. 2015 మస్టాంగ్ కారులో ఫోర్డ్ వారు 2.3 లీటర్ల, నాలుగు సిలిండర్ల ఇంజను పెట్టి 310 నికర అశ్వసామర్థ్యము రాబట్టిరి. జి.టి.ఓ. 6.4 లీటర్లతో స్థూలముగా చూపిన 325కు ఇది మించునే గాని తగ్గదు. ఇంధనమును లెక్కగా చిమ్ముట, నిప్పురవ్వను క్షణక్షణము సరిదిద్దుట, పొగవేగముతో తిరుగు టర్బైనుచే గాలిని కుదించి నింపుట ఇందలి రహస్యములు. హెల్‌క్యాట్‌లో ఈ విద్యలు లేకపోలేదు. కాని ఇంజను సామర్థ్యము నూటికి ఇరువదియైదు పాళ్లనుకొనినచో, 707 గుఱ్ఱములను ఒక్క నిమిషము పరుగెత్తించుటకు నాలుగు లీటర్ల పెట్రోలు కావలెను. విద్యను పొదుపునకు వాడవచ్చును, దుబారాకును వాడవచ్చును.

హెల్‌క్యాట్‌తో కంపెనీవారు రెండు తాళపుచెవులు ఇచ్చిరి. ఎఱ్ఱదానితో 707 గుఱ్ఱములు. నల్లదానితో 500 మాత్రమే. తాము చేసిన బండిని ఎవరి చేతికైనను ఇయ్యరాదని చేసినవారే ఒప్పుకొనుట దీని అర్థము. ఏ చెవి తీయవలెనో నిర్ణయించుట మాత్రము కొన్నవానికే వదలిరి.

అమెరికాలో రోడ్డు మరణముల రేటు 1966లో వాహనములు తిరిగిన ప్రతి పది కోట్ల మైళ్లకు 5.5గా ఉండెను. ఆ సంవత్సరమే మోటారు వాహనముల భద్రతకు శాసనము వచ్చినది. 2014 నాటికి రేటు సుమారు 1.1కి దిగెను, 2021లో మరల 1.3 దాటినది. ఈ హెచ్చుతగ్గులకు కారణములు పెక్కు. వానిని ఒక్క రకపు కార్లకు అంటగట్టుట న్యాయము కాదు. అయితే హైవే భద్రతను పరిశీలించుటకు అక్కడి బీమా కంపెనీలు నెలకొల్పిన సంస్థ 2023లో ప్రకటించిన పరిశీలన సూటిగా ఈ కార్లను గూర్చినదే. హెచ్చు అశ్వసామర్థ్యము గల కండబలపు కార్లు తమను నడుపువారికే గాక, ఇతర వాహనములలో నున్నవారికి కూడ మిక్కిలి ప్రాణాంతకములైన వానిలో చేరియున్నవని అది తెలిపినది. మంచి టైర్లు, మంచి బ్రేకులు, కంప్యూటరు కళ్లెము అన్నియు ఉన్న కార్లివి! కళ్లెము టైరు పట్టు హద్దును ఎరుగును గాని మలుపు వెనుక ఎవరున్నారో ఎరుగదు. పాత కారు నూరు కిలోమీటర్ల వేగముననే వణకి, ఊగి, కీచుమని హెచ్చరించెడిది. కొత్తది నూటయరువది దాటినను నిబ్బరముగా ఉండును. సుఖముగా కూర్చున్నవానికి వేగము తెలియదు. గతిజశక్తి మాత్రము వేగముయొక్క వర్గముగనే పెరుగుచుండును.

2024 మోడలుగా డాడ్జ్ వారు చార్జర్ డేటోనా అను విద్యుత్తు కారును వెలువరించిరి. అందులో హెచ్చు రకమునకు 670 అశ్వసామర్థ్యము. నాలుగు చక్రములును నడుపబడుటచే కారు భారమంతయు ఘర్షణకు తోడ్పడును. పైన చెప్పిన చిక్కు సగము తీరినట్లే. ఇంజను లేనందున శబ్దము లేదు. కొనువారు చిన్నబుచ్చుకొందురేమోనని, పాత ఇంజనుల గర్జనను పోలిన ధ్వనిని పుట్టించు గొట్టములను వెనుక అమర్చిరి. 126 డెసిబెళ్ల వరకు అది మ్రోగునని చెప్పిరి. బ్యాటరీలతో కలిసి బండి బరువు 2,600 కిలోగ్రాములు దాటినది. గంటకు 160 కిలోమీటర్ల వేగమున దాని గతిజశక్తి మొదటి జి.టి.ఓ. దానికి ఒకటిన్నర రెట్లకు మించును.