ఎడమకాలి పోటీ

మన మాటల్లో ఎడమకాలికి గౌరవం తక్కువ. విలువ లేదనుకున్నదాన్ని ఎడమకాలితో తన్నేస్తాం. ఒకప్పుడు హైదరాబాద్‌లో కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ఆ కాలి కోసం ప్రత్యేకంగా ఫుట్‌బాల్ పోటీలే పెట్టారు. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే ఆడాలి, ఎడమకాలి వాటగాడు కుడికాలితో. ఇంకో రకం పోటీలో డ్రిబ్లింగ్ నిషేధం. బంతి అందిన వెంటనే మరొకరికి ఇచ్చేయాలి తప్ప దాన్ని పెట్టుకుని విన్యాసాలు చేయకూడదు. చూడటానికి పిల్లలాటలా ఉండే ఈ పోటీల్లోనే, నా ఉద్దేశంలో, మన దేశపు అతి గొప్ప ఫుట్‌బాల్ పాఠం దాగుంది.

ఆ పాఠం ఏమిటో చూసేముందు ఇప్పటి సంగతి. పెద్ద క్లబ్బులు సీజన్ మొదలవడానికి ముందు కొన్ని వారాలు శిబిరం పెట్టుకుంటాయి, స్నేహపూర్వక మ్యాచ్‌లు ఆడతాయి. కొత్త కోచ్ 4-3-3 వదిలి 3-5-2కి మారుతున్నాడని పత్రికలు బొమ్మలు గీసి మరీ చెబుతాయి. వెనక, మధ్య, ముందు ఎంతమంది నిలబడాలో చెప్పే ఆ అంకెలు వంటకం పేరు లాంటివి. పేరు తెలిసినంత మాత్రాన వండటం రాదు. వ్యూహం మారితే ఆటగాడు ఎక్కడ నిలబడాలన్నదే కాదు, బంతి రాకముందే ఎటు చూడాలి, పక్కవాడికి ఎంత దూరంలో ఉండాలి, బంతి పోతే ఎటు పరుగెత్తాలి అన్నవన్నీ మారతాయి. పాత అలవాటు ఒంట్లోంచి పోయి కొత్తది కుదురుకోవాలి. సీజన్ మొదలయ్యాక మ్యాచ్‌కీ మ్యాచ్‌కీ మధ్య ఒళ్లు తేరుకోవడానికే సమయం చాలదు. అందుకే మార్పు ఏదైనా ముందే జరగాలి.

అలవాటు సంగతి రహీంకు బాగా తెలుసు, ఆయన వృత్తిరీత్యా బడిపంతులు. ఎక్కాలు అర్థం చేసుకుంటే చాలదని, అడగ్గానే నోటికి రావాలని పంతుళ్లకు చెప్పక్కర్లేదు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టు పగ్గాలు కూడా ఆయన చేతికే వచ్చాయి. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో మన జట్టు ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయింది. మనవాళ్లలో చాలామంది అప్పటికింకా వట్టికాళ్లతోనే ఆడేవారు. ఆ దెబ్బతో బూట్లు తప్పనిసరయ్యాయి. బూటు వేసుకోవడం చిన్న సంగతిలా అనిపిస్తుంది గానీ, చిన్నప్పటి నుంచీ బొటనవేలితో బంతిని తడిమి చూసినవాడికి అది చెయ్యి మార్చి అక్షరాలు దిద్దడం లాంటిది.

ఇక వ్యూహం సంగతి. తొలినాళ్ల ఫుట్‌బాల్‌లో 2-3-5 రాజ్యమేలింది: వెనక ఇద్దరు, ముందు ఏకంగా ఐదుగురు. 1925లో ఆఫ్‌సైడ్ నిబంధన సడలడంతో గోల్స్ వరదలా వచ్చాయి. ఆ వరదకు అడ్డుకట్టగా ఆర్సెనల్ మేనేజర్ హెర్బర్ట్ చాప్‌మన్ నడిమి ఆటగాణ్ణి వెనక్కి లాగి మూడో డిఫెండర్‌గా నిలబెట్టాడు. అక్కడి నుంచి ఎవరి మనిషిని వాళ్లు కాపలా కాయడమే పద్ధతి. ఈ పద్ధతిని 1953 నవంబరులో వెంబ్లీలో హంగేరీ బద్దలు కొట్టింది. వాళ్ల సెంటర్ ఫార్వర్డ్ హిదెగ్‌కుటి ముందుకు రాకుండా మైదానం మధ్యకు జారుకున్నాడు. ఇంగ్లండ్ డిఫెండర్ అతని వెంట వెళ్తే గోల్ ముందు ఖాళీ, వెళ్లకపోతే హిదెగ్‌కుటి ఆడిందే ఆట. ఆ రోజు అతనివి మూడు గోల్స్, స్కోరు 6-3. అందులోంచి ఎదిగిన ఆలోచనల్లో 4-2-4 ఒకటి. 1958 ప్రపంచకప్ గెలిచి బ్రెజిల్ దాన్ని లోకానికి చాటింది. అంతకుముందే రహీం జట్టులో ఆ పోకడ ఉందని మన ఫుట్‌బాల్ చరిత్ర రాసినవాళ్లు అంటారు. ఎవరు ముందన్న తగువు నాకు అంత ముఖ్యం కాదు. ఆ వ్యూహానికి తగిన కాళ్లు ఆయన ఎలా తయారుచేశారన్నదే ఆసక్తి.

4-2-4లో మధ్యన ఇద్దరే. ఆ ఇద్దరిలో ఒకడు బంతి పట్టుకుని నలుగురిని తప్పిద్దామని చూసి పోగొట్టుకుంటే, వెనక నలుగురి మీదకు ఎదుటి జట్టు మొత్తం వచ్చిపడుతుంది. కాబట్టి బంతి అక్కడ ఆగకూడదు, వచ్చింది వచ్చినట్టే పోవాలి. డ్రిబ్లింగ్ లేని పోటీ నేర్పేది అదే. మన మైదానాల్లో నలుగురిని దాటినవాడికే చప్పట్లు. ఆ చప్పట్ల రుచి మరిగినవాడికి ఉపన్యాసం ఎక్కదు, నియమమే మార్చాలి. ఎడమకాలి పోటీ మర్మం ఇంకొకటి. ఎడమ అంచున ఆడే కుడికాలి వాటగాడు బంతిని లోపలికి తిప్పుకుని, ఒళ్లు సర్దుకుంటే గానీ గోల్ ముందుకు కొట్టలేడు. ఆ సర్దుకునేలోపే దారి మూసుకుపోతుంది. రెండు కాళ్లూ ఆడితే ఆ అర క్షణం మిగులుతుంది.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఆసియా జట్టు ఒలింపిక్ సెమీఫైనల్ చేరడం అదే మొదలు. మనకు నాలుగో స్థానం దక్కింది. ఆ జట్టులో సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఉన్నాడు. మైదానానికి రావడానికి డబ్బుల్లేవంటే రహీమే సైకిల్ అద్దెకు డబ్బులిచ్చారని చెబుతారు. బలరాం ఎక్కడ ఆడమంటే అక్కడ ఆడగలడు. తర్వాతి ఏళ్లలో చూనీ గోస్వామి, పీకే బెనర్జీ, బలరాం ముగ్గురినీ ఒకే ఫార్వర్డ్ వరసలో ఇమడ్చాల్సి వచ్చినప్పుడు ఎడమ అంచుకు జరిగినవాడు అతనే. ఇష్టమైన చోటు వదులుకుని కూడా అంత బాగా ఆడినవాడికి దక్కాల్సినంత పేరు దక్కలేదని నా ఫిర్యాదు.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయాం. తర్వాత థాయ్‌లాండ్‌పై గెలుపులో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. ఇంకొకరైతే బెంచీ మీద కూర్చోబెట్టేవారు. రహీం అతణ్ణి సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు! దక్షిణ వియత్నాంపై 3-2తో గెలిచిన సెమీఫైనల్లో జర్నైల్ గోల్ కొట్టాడు. సెప్టెంబర్ 4న ఫైనల్లో మళ్లీ అదే కొరియా. పీకే ఒకటి, జర్నైల్ ఒకటి వేయగా 2-1తో స్వర్ణం మనదైంది. పైకి ఇది సాహసంలా కనిపిస్తుంది. చోటు మారినా చేయాల్సిన పని మరిచిపోని ఆటగాళ్లు చేతిలో ఉన్న కోచ్‌కు అది పెద్ద సాహసమేమీ కాదు. ఆ తర్వాత ఏడాది తిరగకుండానే, 1963 జూన్‌లో, రహీం క్యాన్సర్‌తో కన్నుమూశారు.

ఒక సెలవు రోజు మా వీధి పిల్లలతో ఈ ఎడమకాలి పోటీ ఆడించి చూశాను. మొదటి పావుగంట నవ్వులే నవ్వులు, బంతి ఒకవైపు, కాలు ఒకవైపు. తర్వాత ఒక చిత్రం జరిగింది. చేతకాని కాలితో ఎవడూ డ్రిబ్లింగ్‌కు దిగడంలేదు. బంతి వస్తూనే ఎవరికో ఒకరికి తోసేస్తున్నారు. డ్రిబ్లింగ్ వద్దని నేను ఒక్క మాట కూడా చెప్పలేదు.