గుర్తులను పరీక్షించుట



చుండూరు చుట్టుపట్ల పల్లెలలో స్వస్థత కూటము జరిగిన మరునాడు కాలువగట్టున ఒకటే మాట: ఫలానివాని రోగము పోయెనట! దానిని ఎగతాళి చేయుట మన పని కాదు. విన్నదెల్ల నమ్ముటయు భక్తి కాదు.

గుంటూరు సీమకు ప్రార్థనయు వైద్యమును ఎరుకయే. 1883లో వచ్చిన డాక్టరు అన్నా కుగ్లరు దొరసానిగారు గుంటూరులో స్త్రీలకు ఆసుపత్రి నెలకొల్పి, 1930లో మరణించిరి. 1938లో బైబిలు మిషను ఆరంభించిన దేవదాసు అయ్యగారు రోగులకొరకు ప్రార్థించుటను ముఖ్యమైన పరిచర్యగా ఎంచిరి. ఈ రెంటికిని పోరు పెట్టి, మందు మానుటే విశ్వాసమని చెప్పువాని విషయమై జాగ్రత్తపడవలెను.

మొదట, అతడు పరీక్షకు ఒప్పుకొనునా? మార్కు 1వ అధ్యాయములో ప్రభువు తాను బాగుచేసిన కుష్ఠరోగిని యాజకునికి కనుపరచుకొనుమని పంపెను. క్షయకు మందు సాధారణముగా 6 నెలలు మానక మ్రింగవలెను. కొన్ని వారములకే జ్వరము, దగ్గు తగ్గును. ఆ వేళ కూటమునకు వెళ్లినవాడు స్వస్థుడనైతినని మందు మానినచో, మిగిలిన క్రిములు మందుకు లొంగనివై తిరుగబడవచ్చును.

రెండవది, అతని చెయ్యి ఎక్కడికి చాచబడుచున్నది? నయమాను తెచ్చిన కానుకను ఎలీషా ముట్టలేదు. వెంట పరుగెత్తినవాడు గేహజీ.

మూడవది, బాగుపడనివానితో అతడేమనును? "నీకు విశ్వాసము చాలదు" అనుట సులభము. పౌలు త్రోఫిమును మిలేతులో రోగిగానే విడిచి వచ్చెను. తన ముల్లు తీసివేయుమని ముమ్మారు వేడినను అది తొలగలేదు. పౌలుకు విశ్వాసము చాలలేదందుమా?

నాలుగవది, గుర్తు నిజమే అయినను, అది ఎవరివైపు నడిపించును? సూచన నెరవేరినను అన్యదేవతల వైపు త్రిప్పువాని వినరాదని ద్వితీయోపదేశకాండము 13వ అధ్యాయము హెచ్చరించుచున్నది. ప్రభువును మరచి ప్రసంగీకుని పేరే జపించు కూటమును ఈ మాటతో తూచి చూడుడి.

గనుక ప్రార్థించుడి, మందు మానకుడి. స్వస్థత కలిగెనని తోచినచో వైద్యునిచేత మరల పరీక్ష చేయించుకొనుడి. దేవుని కార్యము పరీక్షకు వెరవదు. ఇక బాగుపడని సహోదరి ఇంటికి ఈ ఆదివారము వెళ్లి, తప్పు వెదకక, మంచము ప్రక్కను కూర్చుండుడి. అదియు ప్రభువు పనియే.