దేశ్యనామౌచిత్యము

సంస్కృతనామమే ప్రౌఢమను మన లాక్షణికులు ద్వితీయ ప్రపంచయుద్ధానంతరమునఁ బుట్టిన ఐర్లండుకవిత్వమును బరిశీలింపవలయును. షేమస్ హీనీ 1972లోఁ బ్రకటించిన ‘వింటరింగ్ ఔట్’ అను సంపుటమున ‘బ్రోఖ్’ అను ఖండిక యొకటి కలదు. అది యొక గ్రామసీమ పేరు. నదీతీరమను నర్థము గల ఐరిష్ పదమునుండి పుట్టినది. దాని తుదిధ్వని పరులకు దుష్కరమనుటయే యా ఖండికకు జీవము.

మన విద్వాన్ విశ్వముగారును హిందూపురప్రాంతమునఁ బాఱు నదిని ‘పినాకిని’ యనక, తమ కావ్యమునకు ‘పెన్నేటిపాట’ యని పేరిడిరి. ‘ఏఱు’ ఔపవిభక్తికమై ‘ఏటి’ యగుటను బెనుకొండ, ధర్మవరము సీమల కర్షకుఁడు సూత్రము చదువకయే యెఱుఁగును. పినాకిని యన్నచోఁ బుణ్యతీర్థము తోఁచును. పెన్నేఱన్నచో నెండిన యిసుక కనఁబడును. కఱవును బాడు కవికి రెండవదియే తగినది. కావున దోషము దేశ్యపదమున లేదు, అనౌచిత్యమునఁ గలదు. క్షేమేంద్రుఁడు చెప్పిన యౌచిత్యమే యిచట నికషము.